కంపెనీ ఇంటిపేరేటి?

భీమునిపట్నం,
ఆదివారం.

విశాఖపట్నం డాబా గార్డెన్స్‌లో మేడమీద కూర్చుని పిల్లలకి పైదేశాల్లో ఉద్యోగాలిప్పిస్తున్న కనకరత్నం బాబు గారికి, భీమిలి ఒడ్డు నుంచి బోటు ఇంజన్ల మెకానిక్కు జగ్గయ్య దండాలు.

మా చెల్లెలి కూతురు ఆశాజ్యోతి మీ ఆఫీసుకొచ్చింది కదా, ఆ పిల్ల మా ఇంట్లోనే పెరిగింది. హైదరాబాదులో ఆసియా స్టడీస్ అని ఎమ్మే చేసింది. చైనా భాష మనం తెలుగు చదివినట్టు చదివేస్తుంది. ఏం లాభం? ఇంటికొచ్చిన దగ్గర్నుంచి మా వాడలో అందరిదీ ఒకటే ప్రశ్న: "ఆసియా సదివితే ఏటవుద్ది జగ్గయ్యా? ఆసియాకి పెసిడెంటవుద్దా?" పిల్ల ఎక్కడ అడిగినా ఇంజనీరింగు ఉందా, కామర్సు ఉందా అంటున్నారు. ఇలాంటప్పుడు మీరు పిలిచి కంబోడియాలో భాష ఆఫీసరు ఉద్యోగం అన్నారు. పాస్‌పోర్టు తెచ్చి ఇచ్చేయమన్నారు. మా పిల్ల ఆ రాత్రి అన్నం కూడా తినలేదు, అంత సంతోషం.

నాకూ సంతోషమే. అయితే బాబూ, మనువైనా కొలువైనా పిల్ల గడప దాటి వేరే ఇంటికి పోవడమే. ఆ ఇంటి సంగతి విచారించకుండా ఎలా పంపుతాం? కాబట్టి అడుగుతున్నాను. కంపెనీ ఇంటిపేరేమిటి? ఇంటి పెద్దలెవరు, ఏ ఊరివాళ్ళు? ఇంతకుముందు ఇంకెవరితోనైనా కలిసి విడిపోయిందా? దాచకండి, అన్నీ తరవాత బయటపడేవే.

ఇంకో మాట. మా పక్కింటి గంగాలమ్మ కొడుకు సింహాద్రి మీ చేతులమీదుగానే ఆ కంపెనీకి వెళ్ళాడు. వాడి ఫోనొచ్చి చాలా కాలమైంది. ఆవిడ నేను ఇంజను విప్పుతున్న చోటికొచ్చి రోజూ అడుగుతుంది, "జగ్గన్నా, మా గుంటడి కబురేటైనా తెలిసినాదా?" అని. ఆ ఇంటికి ముందు వెళ్ళిన కోడల్ని అడక్కుండా కొత్త కోడల్ని ఎవరు పంపుతారు చెప్పండి? వాడి చేత నాలుగు ముక్కలు చెప్పించండి.

ఫోన్ చెయ్యొద్దు. ఫోన్లో మాట గాలికి పోతుంది, పిల్ల సంగతి కాగితం మీద ఉండాలి. ఈ ఉత్తరం తెచ్చిన బస్సు డ్రైవరు మావాడే, జవాబు అతని చేతికివ్వండి.

మీ మంచి కోరే
జగ్గయ్య

తా.క.: పాస్‌పోర్టు మా ఆవిడ పోతమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. తాళం ఆవిడ బొడ్లో ఉంది. ఈ ఇంట్లో నా మాట వంటింటి గుమ్మం దాకా నడిచి అక్కడ ఆగిపోతుంది.


తూర్పుతార ఓవర్సీస్ కెరీర్స్,
డాబా గార్డెన్స్, విశాఖపట్నం.

గౌరవనీయులైన జగ్గయ్య గారికి, కనకరత్నం నమస్కారాలు.

ఉద్యోగానికి పెళ్ళి విచారణ చేసిన పెద్దమనిషిని నా సర్వీసులో ఇప్పుడే చూస్తున్నాను. మా నాన్నగారు కృష్ణా జిల్లా నుంచి స్టీలు ప్లాంటు ఉద్యోగానికి వచ్చి ఇక్కడే స్థిరపడ్డారు. నేను గాజువాకలో పుట్టి పెరిగాను గానీ సముద్రం మీద బతికేవాళ్ళ ఆచారాలు నాకు బొత్తిగా తెలియవు. మీవాళ్ళకి పట్టింపులెక్కువని మాత్రం విన్నాను. గౌరవిస్తాను.

కంపెనీకి ఇంటిపేరు ఉండదండీ. ప్రైవేట్ లిమిటెడ్ అని ఉంటుంది. అంతే.

సింహాద్రి క్షేమం. చాలా బిజీ. అక్కడ పని వేళల్లో ఫోన్లు మేనేజరు దగ్గర పెట్టాలని రూలు.

అమ్మాయి విషయంలో ఆలస్యం చేయకండి. ఆర్ట్స్ చదివిన పిల్లకి ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు. ఆసియా స్టడీస్‌కి ఈ ఊళ్ళో ఉన్నవి రెండే దారులు, ట్యూషన్లు చెప్పడం లేదా ఇంట్లో కూర్చోవడం. నేను మూడో దారి చూపిస్తున్నాను. బుధవారం లోపల పాస్‌పోర్టు పంపించండి.

ఇట్లు,
కనకరత్నం, మేనేజింగ్ డైరెక్టర్

తా.క.: పని వేళలు ఏవని అమ్మాయి అడిగింది. అవి ఒక్కోరోజు ఒక్కోలా ఉంటాయి. ఒక్కోసారి రెండు రోజులు కలిసిపోతాయి.


భీమునిపట్నం,
బుధవారం.

మేనేజింగ్ డైరెక్టరు కనకరత్నం బాబు గారికి, జగ్గయ్య మళ్ళీ దండాలు.

మీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. అంతా విని ఒకే మాట అంది. "ఇంటిపేరు సెప్పని ఇంటికి పిల్లని కాదు, పిల్లిని కూడా పంపను." తాళం ముడి ఇంకో చుట్టు బిగించింది.

నేను నచ్చజెప్పాను. సరే, మా వాడ ఆచారం ప్రకారం పేర్ల కాగితం ఇచ్చేస్తే పెట్టె తీస్తానంది. మీకు తెలియదన్నారు కాబట్టి వివరంగా రాస్తున్నాను. పిల్ల వెళ్ళే ఇంటి పెద్దలందరి పేర్లు, తండ్రుల పేర్లు, సొంత ఊళ్ళు ఒక తెల్లకాగితం మీద ఇంటి యజమాని స్వహస్తంతో రాయాలి. ఇక్కడ మీరు, అక్కడ పిల్లని చూసుకునే మేనేజరు గారు, పైన ఇంకెవరైనా ఉంటే వాళ్ళూ. కాగితానికి నాలుగు మూలలా పసుపు రాయాలి. ఆ ఇంటికి పాత పేరేదైనా ఉంటే అదీ రాయాలి. దాస్తే పిల్లకి కీడని మావాళ్ళ నమ్మకం.

పిల్ల ఉండబోయే ఇంటి ఫోటో ఒకటి, సింహాద్రి ఫోటో ఒకటి పంపండి. వాడి మాటలు మర్చిపోయారు.

ఆశాజ్యోతికి నామీద కోపంగా ఉంది. "మావా, ఉజ్జోగాన్ని పెళ్ళి సేసేత్తన్నావు, ఆల్లు నవ్వుకుంటారు" అంటోంది. నవ్వితే నవ్వనివ్వమన్నాను.

ఇట్లు, మీ జవాబు కోసం బస్సు దగ్గర నిలబడే
జగ్గయ్య

తా.క.: పసుపు కొమ్ముతో అరగదీసింది అయితే మేలు. ప్యాకెట్టు పసుపు పోతమ్మ కనిపెట్టేస్తుంది.


తూర్పుతార ఓవర్సీస్ కెరీర్స్,
విశాఖపట్నం.

జగ్గయ్య గారికి నమస్కారం.

నా స్టాఫ్ ముందు నేను పసుపు కొమ్ము అరగదీశాను. ఈ మాట ఎక్కడా చెప్పకండి.

పేర్ల కాగితం జతచేశాను. నా పేరు, మా నాన్నగారి పేరు రాశాను. అక్కడ మేనేజరు అనిరుధ్ మనవాడే. అతని తండ్రి పేరు, ఊరు కూడా రాశాను. పైవాళ్ళ పేర్లు నాకు పలకడం రాదు, వాళ్ళు పంపిన కార్డు చూసి బొమ్మ గీసినట్టు గీశాను. మీ అమ్మాయి చదివేస్తుందిగా.

పాత పేరంటారా, మా సంస్థ ఇంతకుముందు స్వర్ణతీరం ఓవర్సీస్ అనే పేరుతో ఉండేది. కొందరు తల్లిదండ్రులు అపార్థం చేసుకుని గొడవ చేయడంతో పేరు మార్చాం. దీన్ని విడిపోవడం అనరండీ. నామకరణం అంటారు.

ఇంటి ఫోటో, సింహాద్రి ఫోటో పంపుతున్నాను. అతను చెప్పిన మాటలు ఇవి: "నేను బాగున్నాను. భోజనం బాగుంది. మంచం బాగుంది. అమ్మా, నువ్వు ఏడవకు."

ఇక పెట్టె తీయించండి. పైవాళ్ళు తొందరపెడుతున్నారు.

ఇట్లు,
కనకరత్నం

తా.క.: పసుపు నా తెల్లచొక్కాకి అంటింది. మా ఆవిడ ఏ పేరంటానికి వెళ్ళొచ్చావని అడుగుతోంది.


భీమునిపట్నం,
శుక్రవారం.

కనకరత్నం బాబు గారికి, జగ్గయ్య దండం పెట్టి చెప్పుకునేది.

కాగితం అందింది. పసుపు పాసైంది. పోతమ్మ మెచ్చుకుంది.

ఫోటోల దగ్గర మాత్రం చిన్న చిక్కొచ్చింది. సింహాద్రి ఫోటో గంగాలమ్మకి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "నా కొడుకు నవ్వితే సిగుళ్ళు కూడా కనపడతాయి జగ్గన్నా. నోరు మూసుకుని నవ్వడం ఆడికెవులు నేర్పినారు?" అంది. వాడి మాటలు చదివాను. భోజనం దగ్గర ఊరుకుంది, మంచం దగ్గర ఊరుకుంది. చివరి మాటకి లేచి నిలబడింది. "నాను ఏడుత్తన్నానని ఆడికెవులు సెప్పినారు? ఆడే ఏడుత్తన్నాడేమో సూడు." దీనికి జవాబు మీ దగ్గరుంటే రాయండి.

ఇంటి ఫోటో చూశాను. మేడ బాగుంది. ప్రహరీ మీద ముళ్ళ కంచె ఉంది, మంచిదే, ఆడపిల్లలుండే చోట కంచె ఉండాలి. కానీ ఆ ముళ్ళు లోపలి వైపుకి వంగి ఉన్నాయేమిటి బాబూ? నేనూ పోర్టు పక్క షెడ్లలో పనిచేసినవాణ్ణే. దొంగ బయటినుంచి వస్తాడని కంచె బయటికి వంచుతారు. మీ మేస్త్రీ తిరగేసి కట్టాడేమో, ఒకసారి చెప్పి సరిచేయించండి.

మా పిల్ల మాత్రం సంచి సర్దేసుకుంది. నాతో మాటలు మానేసింది. పోతమ్మేమో పెట్టె మీద కూర్చుని చేపలు తోముతోంది. నేను ఇద్దరి మధ్యా నలిగిపోతున్నాను.

ఇట్లు, మీ
జగ్గయ్య

తా.క.: కిటికీల్లో ఒక్కదానికీ తెరిచిన రెక్క లేదు. అక్కడ దోమలెక్కువా?


విశాఖపట్నం.

జగ్గయ్యా,

మర్యాదగా చెబుతున్నాను. కంచె ఎటు వంగితే నీకెందుకు? అక్కడ కోతులెక్కువ. లోపలి కోతులు బయటికి పోకుండా అలా కట్టారు.

నీతో ఉత్తరాలు రాసుకుంటూ కూర్చోవడానికి నేను ఖాళీగా లేను. చైనా భాష, తెలుగు రెండూ వచ్చిన మనిషి కోసం పైవాళ్ళు నామీద కూర్చున్నారు. అక్కడున్న మన కుర్రాళ్ళకి వాళ్ళు చెప్పేది అర్థం కాదు, వీళ్ళు చెప్పేది వాళ్ళకి అర్థం కాదు. పని దెబ్బతింటోంది. అమ్మాయి రాకపోతే వాళ్ళు నన్ను అడుగుతారు. నన్ను అడిగితే నేను సింహాద్రిని అడుగుతాను. మీ వాడ నుంచి వెళ్ళినవాడు కదా, మీ వాడ తరఫున వాడే జవాబు చెప్పుకోవాలి.

నేను చెప్పింది నీకు అర్థమైందనే అనుకుంటున్నాను. వాడి తల్లికి కూడా అర్థమయ్యేలా చెప్పు. వచ్చే శనివారానికి పిల్ల, పాస్‌పోర్టు రెండూ నా ఆఫీసులో ఉండాలి.

కనకరత్నం

తా.క.: ఈ ఉత్తరం చదివిన వెంటనే చించెయ్యి.


భీమునిపట్నం,
సోమవారం.

పెద్దలు కనకరత్నం బాబు గారికి, తప్పు కాయమని వేడుకుంటూ జగ్గయ్య.

మీ కోపం న్యాయమైనదే. ఉత్తరం చించమన్నారు, చెయ్యాడలేదు. పిల్ల మాటలు రాసిన కాగితం చించితే అరిష్టమని పోతమ్మ దేవుడి పటం వెనక దాచింది. ఇంకెవరూ చూడరు.

కంచె సంగతి, కిటికీల సంగతి ఇక ఎత్తను. పిల్లని పంపుతాం. పోతమ్మ కూడా ఒప్పుకుంది. ఒకే ఒక్క ఆచారం మిగిలింది బాబూ, దానితో సరి.

మా వాడలో పిల్లని ఒంటరిగా సాగనంపం. అవతలి ఇంట్లో ఉంటున్నవాడు, మాకు ముఖం తెలిసినవాడు వచ్చి, మా ఇంట్లో భోంచేసి, వెంటబెట్టుకుని తీసుకెళ్ళాలి. అలాంటివాడు సింహాద్రి ఒక్కడే. వాడు రావాలి. వాడితో అనిరుధ్ గారు, మీరు రండి. గుమ్మంలో ఆడపడుచులు అడ్డంగా నిలబడతారు. పెద్దవాళ్ళు చేతుల్లో, జేబుల్లో ఉన్నవన్నీ, ఫోన్లతో సహా, వాళ్ళు పట్టిన పళ్ళెంలో పెట్టి లోపలికి రావాలి. భోజనమయ్యాక పాస్‌పోర్టు అదే పళ్ళెంలో పెట్టి మీ చేతికిస్తారు.

ఇది జరక్కపోతే పోతమ్మ ఏమందో అక్షరం మార్చకుండా రాస్తున్నాను: "సింహాద్రి రాకపోతే పాసుపోర్టు పొయ్యిలో ఎడతాను. తరవాత ఆ బాబు ఇట్టం." ఆవిడ అన్నంత పనీ చేస్తుంది. నా పెళ్ళినాటి సిల్కు చొక్కా అలాగే పోయింది.

భోజనానికి వంజరం వేపుడు, రొయ్యల ఇగురు, నెత్తళ్ళ పులుసు అనుకున్నాం.

ఇట్లు, మీ దయ కోసం ఎదురుచూసే
జగ్గయ్య

తా.క.: మా పిల్ల మళ్ళీ నాతో మాట్లాడుతోంది. దిక్కుతోచనప్పుడు ఇంట్లో మాట్లాడే మనిషి ఉండటం ఎంత ధైర్యమో ఇప్పుడే తెలిసింది.


విశాఖపట్నం,
గురువారం.

జగ్గయ్య గారికి,

పైవాళ్ళని ఒప్పించేసరికి నా ప్రాణం కడబట్టింది. సముద్రం మనుషులు, మొండి ఆచారాలు, కాదంటే పిల్ల రాదు అని చెప్పాను. పడీపడీ నవ్వారు. చివరికి సరేనన్నారు. వాళ్ళకి అమ్మాయి అంత అవసరం.

ఆదివారం మధ్యాహ్నం వస్తున్నాం. అనిరుధ్ సింహాద్రిని పక్కన పెట్టుకునే ఉంటాడు. కుర్రవాడు తల్లితో విడిగా మాట్లాడకూడదు, ఇది నా ఆచారం. సాయంత్రం విమానానికి అమ్మాయితో కలిపి ముగ్గురూ బయల్దేరాలి. ఏదైనా తేడా వస్తే అక్కడ మిగిలిన కుర్రాళ్ళు ఉన్నారని గుర్తుంచుకోండి.

కనకరత్నం

తా.క.: అనిరుధ్‌కి రొయ్యలు పడవు. పీతలుంటే చూడండి.


భీమునిపట్నం,
బుధవారం.

సెంట్రల్ జైల్లో విడిది చేసిన కనకరత్నం బాబు గారికి, జగ్గయ్య రాస్తున్న ఆఖరి ఉత్తరం.

ఆరోజు మీతో సరిగ్గా మాట్లాడటం పడలేదు. చెప్పాల్సినవి మిగిలిపోయాయి.

మొదటి ఉత్తరం నేను నిజంగానే అమాయకంగా రాశాను. కంపెనీకి ఇంటిపేరుంటుందనే అనుకున్నాను. మీ జవాబొచ్చాక ఆశాజ్యోతి అది చదివింది. రెండు రోజులు కలిసిపోతాయన్న ముక్క దగ్గర ఆగి, మళ్ళీ చదివింది. "మావా, ఇది ఉజ్జోగం కాదు. కంబోడియాలో ఇలాటివి జరుగుతున్నాయని పేపర్లో సదివినాను. సింహాద్రిని కట్టేసి ఫోన్లలో జనాన్ని మోసాలు సేయిత్తన్నారు" అని ఏడ్చేసింది. ఇద్దరం ఆ సాయంత్రమే పోలీసుల దగ్గరికి వెళ్ళాం. వాళ్ళు విని, మిమ్మల్ని పట్టుకోవడం ఎంతసేపు, కానీ పట్టుకున్న మరుక్షణం అక్కడ సింహాద్రికేమవుతుందో అన్నారు. ముందు వాడు రావాలి. ఎలా? అప్పుడు మా పిల్ల మీ ఉత్తరం మళ్ళీ తీసి, "ఈయనకి మన ఆచారాలు తెలీవట మావా. నువ్వేటి సెప్పినా నమ్మేత్తాడు" అంది.

బాబూ, మాకు ఆ ఆచారాలేవీ లేవు. పసుపు రాసిన పేర్ల కాగితం లేదు, పళ్ళెం లేదు. నేనైతే పోతమ్మని సింహాచలం కొండమీదికి తీసుకుపోయి, ఎవరికీ చెప్పకుండా దండలు మార్చుకుని వచ్చినవాణ్ణి. మా పిల్ల ఎమ్మేలో ఆసియా దేశాల పెళ్ళి తంతుల మీద పెద్ద వ్యాసం రాసింది. పేరూ వంశం అడిగి రాయించుకోవడం పాతకాలం చైనావాళ్ళదట. గుమ్మంలో అడ్డం నిలబడటం థాయిలాండువాళ్ళది. ఇంటికొచ్చి మనిషిని వెంటబెట్టుకుపోవడం సుమత్రా దీవిలోదట. అక్కడ పెళ్ళికొడుకునే పట్టుకుపోతారట, మనం కాస్త మార్చుకున్నాం. పసుపు మాత్రం పోతమ్మ సొంతం. ఫోన్లు పళ్ళెంలో పెట్టించాలన్నది యస్ఐ అనూరాధ గారి సలహా. మీ ఫోను నవ్వుతూ అందుకున్న ఆడపడుచు ఆవిడే.

భయం లేదని అబద్ధం చెప్పను. ఒక్కో ఉత్తరం బస్సెక్కించాక నాకు అన్నం సహించేది కాదు. కంచె సంగతి నేనే దుడుకుగా రాసేశాను, పిల్ల వద్దంటున్నా వినలేదు. మీరు సింహాద్రిని అడుగుతానని రాసిన రోజు గంగాలమ్మ ముఖం చూడలేక షెడ్డులోనే పడుకున్నాను. భోజనాలనాడు వాడు ఆకు ముందు కూర్చుని అన్నం కలపలేకపోతే, మాట్లాడకూడదన్నారు కదా, ఆ తల్లి పులుసు గిన్నెతో అలాగే నిలబడిపోయింది. వాడి మణికట్ల మీద మచ్చలు చూసి నేను నీళ్ళ గ్లాసు వాడి చేతికి దగ్గరగా జరిపాను. మీరేమో ఇంకో పీత వడ్డించమన్నారు.

సింహాద్రి ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు. నవ్వడం లేదు గానీ తింటున్నాడు. మా పిల్లకి పోలీసుల దగ్గరే పని దొరికింది. పళ్ళెంలో దొరికిన మీ ఫోన్లలో చైనా భాష మెసేజీలు చదివి తెలుగులో రాస్తుంది. ఇప్పటికి కాంట్రాక్టే. జీపు వచ్చి ఎక్కించుకుపోతుంటే వాడలోవాళ్ళు, "మా గుంటని కూడా ఆసియా సదివించమంటావేటి జగ్గయ్యా?" అని అడుగుతున్నారు.

ఇక అసలు సంగతి. ఆ మేడలో మన కుర్రాళ్ళు ఇంకా ఉన్నారని సింహాద్రి చెప్పాడు. వాళ్ళకి లోపల నంబర్లే తప్ప పేర్లు లేవట. ఒకడు సబ్బవరం వైపు వాడని తప్ప వాడికీ తెలియదు. వాళ్ళ పేర్లు మీకు తెలుసు, మీరే పంపారు. ఆలస్యమైన కొద్దీ వాళ్ళని వేరే చోటికి మార్చేస్తారని పిల్ల భయపడుతోంది. ఈ ఉత్తరం తెచ్చిన జవాను దగ్గర కాగితం, పెన్ను ఉన్నాయి. వాళ్ళ పేర్లు, ఊళ్ళు, తల్లుల పేర్లు రాసివ్వండి. కోర్టులో మీకిది కలిసొస్తుందని నేను చెప్పను, నాకు తెలియదు. ఆ తల్లులూ ఎక్కడో ఒక మనిషి దగ్గరికెళ్ళి రోజూ అడుగుతూనే ఉంటారు. అంతే.

ఇట్లు,
జగ్గయ్య

తా.క.: మీరు రెండోసారి పీతలు అడిగినప్పుడే పట్టుకుందామని అనూరాధ గారు లేచారు. పోతమ్మ గరిటె అడ్డం పెట్టి, "మజ్జిగన్నం అయినాక తీసుకెల్లండి" అని కూర్చోబెట్టింది. ఆకు ముందు కూర్చున్న మనిషిని లేపకూడదు. ఇదొక్కటి మాత్రం నిజంగా మా ఆచారం.